మా అవ్వ కురిపించిన వాన

నీళ్లలో నుంచి నేలను లాక్కున్న దేశం, నేల ఉండీ నీళ్లు లేని జిల్లాకు సాయం చేయడంలోని చమత్కారం నాకు మొదట్లో తలకెక్కలేదు. నెదర్లాండ్స్‌లో సుమారు నాలుగో వంతు భూమి సముద్ర మట్టానికి దిగువన ఉంటుంది కనుక, అక్కడివారి తాతముత్తాతల నాటి బెంగంతా నీళ్లను బయటికి తోడిపోయడం గురించే. మా అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఒక్క వరి పైరే 1200 మిల్లీమీటర్ల దాకా తాగుతుంది కనుక మా బెంగ ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. ఆ దేశమే 1995 నుంచి 2003 దాకా ఏపీవెల్ పథకం కింద చిన్న, సన్నకారు రైతులకు బోర్లు వేయించడానికి డబ్బిచ్చింది. బోర్లయితే పడ్డాయి గానీ వాటిలో నీళ్లు ఎన్నాళ్లుంటాయన్న ప్రశ్న మిగిలిపోయింది. ఆ లెక్కేదో రైతులకే నేర్పితే పోతుందన్న ఆలోచనతో, అదే దేశపు డబ్బుతో, ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాంకేతిక సాయంతో ఇంకో పథకం వచ్చింది. ఏడు కరువు జిల్లాల్లో 638 పల్లెల్లో నడిచిన ఆ పథకం ఎవరికీ బోరు వేయించలేదు, సబ్సిడీ ఇవ్వలేదు, ఫలానా పంట వేయవద్దని శాసించనూ లేదు. అది ఇచ్చిందల్లా కొలిచే పరికరాలు, రాసుకునే పుస్తకాలు.

రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు వాన కొలవాలి. పదిహేను రోజులకొకసారి ఎంపిక చేసిన బోర్లలోకి టేపు దించి నీటి మట్టం చూడాలి. డ్రమ్మూ స్టాప్‌వాచీ పెట్టి మోటారు ఎంత పోస్తోందో లెక్కకట్టాలి. రబీకి ముందు ఊరంతా కూర్చుని, భూమిలోకి ఇంకినదెంత, వేయదలచిన పంటలు తాగేదెంత అని బడ్జెట్ వేసుకోవాలి. మా ఊళ్లో వాన కొలిచే బాధ్యత మా పెదనాయనది. ఆయన దాన్ని సంధ్యావందనమంత నిష్ఠగా చేసేవారు. వాన పడని రోజున కూడా పొలానికి నడిచి వెళ్లి, వర్షమాపకాన్ని వంచి చూసి, పుస్తకంలో గుండ్రంగా ఒక సున్నా చుట్టి, దాన్నే బడి గోడ మీది బోర్డుపై సుద్దముక్కతో రాసేవారు. అనంతపురంలో ఆ ఉద్యోగం ప్రధానంగా సున్నాలు చుట్టడమే.

2008 జనవరి మొదట్లో కూతురి పురుడుకని బెంగళూరు వెళ్తూ, డిగ్రీ పూర్తి చేసి ఇంట్లో ఖాళీగా ఉన్న నాకు ఆ పుస్తకాన్ని అప్పగించారు. రెండు రోజులు వెళ్లాను. ధనుర్మాసపు చలిలో కిలోమీటరు నడిచి సున్నా చూసి రావడం చదువుకున్నవాడు చేయవలసిన పని కాదని మూడో రోజున నాకు తట్టింది. వెంటనే ఆ వర్షమాపకాన్ని దిమ్మె నుంచి ఊడబెరికి తెచ్చి, మా వాకిట్లో రెండు ఇటుకల మధ్య నిలబెట్టాను. చుట్టుపక్కల గోడలకూ చెట్లకూ వాటి ఎత్తుకు కనీసం రెట్టింపు దూరంలో దాన్ని ఉంచాలని పెదనాయన చెప్పిన మాట గుర్తుంది. కానీ మంచం మీద నుంచే కనిపించే చోట ఉంచితే కలిగే సుఖం ఆ మాటకంటే గట్టిది.

మర్నాడు పొద్దున చూస్తే అందులో 4 మిల్లీమీటర్లు. రాత్రి జల్లు పడి ఉంటుందనుకుని రాశాను. ఆ మర్నాడూ నాలుగే. శుక్రవారం నాడు తొమ్మిది. నీళ్లు కాస్త ఆకుపచ్చగా ఉన్నమాట నిజమే గానీ, గాలిలో దుమ్ము పెరిగిందని పత్రికల్లో చదువుతూనే ఉన్నాం కదా. పన్నెండు రోజుల్లో రెండు శుక్రవారాలు కలుపుకుని 58 మిల్లీమీటర్ల వాన నా చేతి మీదుగా నమోదయింది. అంటే ఏడాది వానలో పదో వంతు, ఆకాశంలో ఒక్క మబ్బు కూడా కనబడకుండా. వెయ్యి హెక్టార్ల మీద ఒక్క మిల్లీమీటరు వాన కురిస్తే కోటి లీటర్లు. ఆ లెక్కన మా వాగు కింది వెయ్యి హెక్టార్లలోనే నేను 58 కోట్ల లీటర్లు కురిపించాను. బడి గోడ మీది బోర్డు చూసి ఎదురింటి మామ ఉత్సాహంగా అరెకరానికి వరి నారు కూడా పోశాడు.

పదమూడో రోజున జీపు వచ్చింది. అందులో నుంచి ఒక విదేశీ అతిథి, ఆయనతో పాటు భూగర్భ జలాల సంగతి చూసే మన తెలుగు పెద్దమనిషి ఒకరు దిగారు. కుడి పక్క ఊరికి సున్నా, ఎడమ పక్క ఊరికి సున్నా, మధ్యలో మా ఊరికి రోజూ నాలుగు అన్న లెక్క వారిని అంత పొద్దున్నే లేపి తెచ్చింది. ఆ పెద్దమనిషి పుస్తకం తిరగేసి, కళ్లజోడు సర్దుకుని, "మీ ఊరి మేఘం వారం చూసుకుని కురుస్తుందా బాబూ?" అని చాలా మర్యాదగా అడిగారు.

ఊళ్లో ఇంగ్లీషు వచ్చినవాణ్ణని అతిథికి దుబాసీగా కూడా నేనే నిలబడ్డాను. సరిగ్గా ఎనిమిదిన్నరకు గరాటు తీసి, సీసాలోని నీళ్లను కొలగాజులోకి వంపాను. పచ్చటి నీళ్లు, వాటి మీద ఒక గడ్డిపరక, అడుగున తెల్లగా ముగ్గుపిండి. అంతలో అవ్వ బకెట్టుతో బయటికి వచ్చి, "వాన యాడిది సామీ? పొద్దున్నే నేను చల్లిన పేడనీళ్లు గదా అవి" అంది. నేను గొంతు సవరించుకుని, "వాకిట్లో తేమ నిలబెట్టే సంప్రదాయ పద్ధతి ఒకటి ఇక్కడ ఉన్నదని ఈ పెద్దావిడ సెలవిస్తున్నారు" అని ఇంగ్లీషులో చెప్పాను. ఆ పెద్దమనిషి ఒక్క నవ్వు నవ్వి, నా అనువాదాన్ని ఆవు పేరుతో సహా సవరించారు.

నిజానికి పరికరం తప్పేమీ లేదు. దాని మూతి నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. కల్లాపి చల్లే చేతికి అంతకంటే అనువైన ఎత్తు ఉండదు. మూతి వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లయితే, 4 మిల్లీమీటర్ల వానకు 80 మిల్లీలీటర్లు, అంటే పుడిసెడు నీళ్లు చాలు. శుక్రవారం నాడు అవ్వ రెండు బకెట్లు చల్లుతుంది. ఇంత శాస్త్రం నేను వివరిస్తుండగానే, అతిథికి నమ్మకం కుదరలేదనుకుందో ఏమో, "ఇట్ల చల్లుతా సామీ" అంటూ అవ్వ చేయి విసిరింది. ఆయన బూట్ల మీద ఆ రోజు ఎన్ని మిల్లీమీటర్లు పడ్డాయో కొలవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఆయన మాత్రం ముడుచుకుపోకుండా, ఆ డబ్బాను తప్పించి ఎందుకు చల్లలేదో కనుక్కోమన్నారు. "అది నా వాకిలి, డబ్బా వాకిలి గాదు" అంది అవ్వ. ఈ ఒక్క మాటనూ నేను ఉన్నదున్నట్టుగా అనువదించాను.

పెదనాయన వచ్చాక నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఎర్ర సిరాతో పన్నెండు అంకెలనూ కొట్టేసి, వివరణ అని రాసి ఉన్న గడిలో పై నుంచి కింది దాకా 'కల్లాపి' అని నిలువుగా రాశారు. వర్షమాపకం పొలంలోని దిమ్మెకు చేరింది, దాని వెంట నేనూ చేరాను. నారు ఎండిపోయిన ఎదురింటి మామ మాత్రం ఇప్పటికీ గురువారం సాయంత్రం కనిపిస్తే చాలు, "ఏమల్లుడూ, రేపు శుక్రవారమే గదా, మా మడి మీద కూడా ఒక తొమ్మిది మిల్లీమీటర్లు కొట్టమని చెప్పు మీ అవ్వకు" అంటాడు. మొదటిసారి ఆ కబురును అవ్వకు చేరవేస్తే, ఆమె వక్కాకు నములుతూ క్షణం ఆలోచించి, "పేడ ఆయప్పనే తెచ్చుకోమను" అంది.