కందికి అనువైన నేల

ఏ నేలలో ఏ పంట పండుతుందో తేల్చే బరువును ఇన్నాళ్లూ రైతు ఒక్కడే మోశాడు. పిడికెడు మట్టి తీసి నలిపి, వాసన చూసి, ఒక్కోసారి నాలుకకు తగిలించి, "ఇది చవుడు, కంది వేస్తే విత్తనం ఖర్చు దండగ" అనేవాడు. రుజువు లేదు, సంతకం లేదు, సీలు అసలే లేదు. ఈ అరాచకాన్ని అంతం చేయడానికే మా ఊళ్లో కమిటీ కూర్చుంది.

పద్ధతి సామాన్యమైనది కాదు. థామస్ సాటీ అనే గణితవేత్త 1970లలో రూపొందించింది. నేల లోతు, వాలు, మురుగు పోయే తీరు, ఉప్పదనం, వాన, నీటి వసతి, రోడ్డు, మార్కెట్టు అని ఎనిమిది అంశాలు పెట్టుకున్నారు. వాటిని రెండేసి చొప్పున పోటీకి దింపి, ఏది ఎన్ని రెట్లు ముఖ్యమో తొమ్మిదిలోపు అంకెతో చెప్పాలి. ఎనిమిదింటికి 28 జతలు.

"వాన ముఖ్యమా, వాలు ముఖ్యమా?" అని అడిగితే మా ఊరి పెద్దాయన, "వాన పడితేనే కదయ్యా వాలు సంగతి" అన్నాడు. ఫారంలో ఆ జవాబుకు గడి లేదు. ఐదు వేసుకున్నారు.

పదిహేనో జత దగ్గర టీ వచ్చింది. అక్కడి నుంచి అంకెలు ధారాళంగా పడ్డాయి. కంప్యూటర్ మాత్రం పట్టేసింది. నేల కంటే నీరు, నీటి కంటే రోడ్డు, రోడ్డు కంటే నేల ముఖ్యమన్నారట. పొంతన లేనితనం 0.10 దాటకూడదట. దిద్దారు. ఎవరి అభిప్రాయమూ మారలేదు, అంకెలు మారాయి.

అసలు మహిమ ఆ తర్వాత చూశాం. కాలువ చివర పొలమున్న రైతు రోడ్డు కంటే నీరు తొమ్మిది రెట్లు ముఖ్యమన్నాడు. పొలాలు కొనిపెట్టే వ్యాపారం కూడా ఉన్న సభ్యుడు, నీటి కంటే రోడ్డే తొమ్మిది రెట్లన్నాడు. అంటే మొదటాయన లెక్కలో తొమ్మిదో వంతు. ఇద్దరి అంకెలనూ కలపడానికి గుణమధ్యమం తీస్తారు, అంటే రెంటినీ గుణించి వర్గమూలం కట్టడం. తొమ్మిదికీ తొమ్మిదో వంతుకూ గుణమధ్యమం ఒకటి. నీరూ రోడ్డూ సమానం! ఇద్దరిలో ఒక్కరూ అనని మాట ఇద్దరి ఏకాభిప్రాయంగా మినిట్స్ పుస్తకంలోకి ఎక్కింది. గట్టు తగాదాలకు కోర్టుల చుట్టూ తిరిగిన మా తాతలకు ఈ గుణమధ్యమం దొరకలేదు, పాపం.

ఇక ఈ అంకెలతో ఊరి నేలకు మార్కులేసి గీసే పటం. ఉపగ్రహం చూసే ఒక్కో గడి 30 మీటర్ల చదరం, సుమారు 22 సెంట్లు. గట్టుకు ఇటు రేగడి, అటు గరప ఉన్నా గడిలో కలిసిమెలిసి ఉండాల్సిందే. మార్కులన్నీ కూడిక లెక్క కనుక చవుడు పోగొట్టిన వాటిని తారు రోడ్డు తిరిగి సంపాదించి పెడుతుంది. చవుడు విరగ్గొట్టడానికి జిప్సం బస్తాలు మోసి నడుము విరగ్గొట్టుకున్నవాళ్లు ఈ కిటుకు ముందే తెలిస్తే రోడ్డు వేయించుకునేవారు.

1976లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) చెప్పిన తరగతుల ప్రకారం ఎస్1 అంటే అత్యంత అనువైనది, ఎన్2 అంటే శాశ్వతంగా పనికిరానిది. ముదురాకుపచ్చ రంగులో ఎస్1 ఒకేచోట నిగనిగలాడింది. వాలు లేదు. ఒండ్రు బోలెడంత లోతు. నీటికి దూరం సున్నా, రోడ్డు గట్టు మీదే. మురుగు దగ్గర కొన్ని మార్కులు పోయినా మిగతావి ఆదుకున్నాయి.

పెద్దాయన కళ్లద్దాలు తుడుచుకుని, వేలు పెట్టి చూశాడు.

"ఇది మన చెరువు కదయ్యా."

ఏకాభిప్రాయంతో వచ్చిన ఫలితాన్ని ఒక్కరి మాట మీద మార్చలేమని అధ్యక్షులవారు సెలవిచ్చారు. పెద్దాయన తలూపి, కండువా భుజాన వేసుకుని లేచాడు.

"అట్లాగే కంది వేద్దాం. కాకపోతే చేపల వేలం మొన్ననే అయిపోయింది. ఆ పాడుకున్నాయనతో మీరే ఒకమాట చెప్పండి."