సవరణ: చార్ కమాన్ అంటే చార్మినార్ కమాన్లు కావు

మొన్నటి పోస్టులో చార్మినార్ నాలుగు వైపులా ఉన్న పెద్ద కమాన్లనే చార్ కమాన్ అంటారని రాశాను. అది తప్పు. చార్ కమాన్ వేరు. చార్మినార్ నుంచి ఉత్తరంగా కొన్ని అడుగులు వేస్తే గుల్జార్ హౌజ్ అనే ఫౌంటెన్ వస్తుంది. దాని చుట్టూ నాలుగు దిక్కులా, కాస్త దూరంగా విడివిడిగా నిలబడినవే ఆ నాలుగు కమాన్లు. ఉత్తరాన మఛ్లీ కమాన్, తూర్పున కాలీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్ (పేరు అలా ఉన్నా ఇది చార్మినార్‌కు ఉన్న కమాన్ కాదు, విడిగా నిలబడినదే). పడమటిది షేర్-ఎ-బాతిల్ కమాన్, అప్పట్లో రాజభవనాల వైపు దారి అదే. చార్మినార్ 1591 నాటిది, ఇవి ఆ మరుసటి ఏడాదివి. నగర చరిత్ర పుస్తకాలన్నింటిలోనూ ఉన్న సంగతే, నేనే చూసుకోకుండా రాసేశాను.

ఇంకొకటి. ఆ పోస్టులోని ఫొటో కింద నేను రాసింది చదివి చార్మినార్ గడియారాలు కూడా కుతుబ్‌షాహీల కాలానివే అని కొందరు అనుకున్నారు. కాదు, అవి 1889లో పెట్టినవి.

ఇప్పుడు గుల్జార్ హౌజ్ దగ్గర నిలబడితే ముందు కనిపించేది ఫౌంటెన్ కాదు, దాని చుట్టూ తిరిగే ఆటోలు. ఒకప్పటి విశాలమైన రాచ మైదానం ఇదేనంటే నమ్మడం కష్టమే.