యూపీఎస్ కొన్నారు సరే, దాని యూఎస్‌బీ కేబుల్ ఎక్కడ?

ఇంట్లో సర్వర్ (ఫైళ్లు దాచుకుంటూ ఎప్పుడూ నడిచే కంప్యూటర్) నడిపే మిత్రులు ఎవరు కలిసినా ఈ ప్రశ్నే అడుగుతున్నాను. చాలామంది జవాబు ఒకటే: డబ్బాలోనే ఉంది. అది వింటే నాకు కోపం కన్నా దిగులే ఎక్కువ. రెండేళ్ల పాటు నాదీ అక్కడే ఉంది మరి.

కిందటి మే నెలలో గాలివాన రాత్రి కరెంటు పోయింది. యూపీఎస్ కూతలు పెడుతూ పావుగంట మోసి ఆగిపోయింది. ఆ కేబుల్ తగిలించలేదు కనుక, బ్యాటరీ అయిపోతోందని సర్వర్‌కు తెలిసే దారి లేదు. ఫైళ్లు రాస్తూ రాస్తూనే అది ఆరిపోయింది. అమ్మమ్మ పాడిన మంగళహారతులను ఆ రాత్రే పాత ఫోను నుంచి అందులోకి తరలిస్తున్నాను. రెండు పాటలు ఇక తెరుచుకోలేదు.

ఇన్వర్టర్ ఉంది కదా అంటారు. ఇళ్లలో ఉండే ఇన్వర్టర్లు చాలావరకు సర్వర్‌తో మాట్లాడలేవు. చవక యూపీఎస్‌లలో కొన్నిటికి యూఎస్‌బీ పోర్టే ఉండదు, కొనే ముందే వెనక్కి తిప్పి చూడండి. పోర్టు ఉంటే 'నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు, పొట్టిగా నట్ అంటారు. నట్‌లో యూపీఎస్‌తో మాట్లాడే భాగాన్ని డ్రైవర్ అంటారు. మామూలుగా వాడే యూఎస్‌బీ హెచ్‌ఐడీ డ్రైవర్‌కు పలకని యూపీఎస్ మెగాటెక్ అనే పాత పద్ధతిలో మాట్లాడుతుందేమో చూడాలి. దానికి వేరే డ్రైవర్ ఉంది.

నట్ మామూలుగా 'బ్యాటరీ తక్కువ' అన్న సంకేతం వచ్చేదాకా ఆగుతుంది. ఎండలకు ముసలిదైన లెడ్ యాసిడ్ బ్యాటరీని అంతగా నమ్మకండి. 60 శాతం చూపిస్తూనే ఒక్కసారిగా కూలిపోగలదు. నేను 5 నిమిషాల టైమర్ పెట్టాను. ఆ లోపు కరెంటు వస్తే టైమర్ రద్దవుతుంది, రాకపోతే సర్వర్ ఆగిపోతుంది.

అసలు చిక్కు ఆ తరువాతే ఉంది. సర్వర్ ఆగిపోయింది, బ్యాటరీ ఇంకా మిగిలి ఉంది, ఇంతలో కరెంటు వచ్చింది. యూపీఎస్ సరఫరా ఒక్క క్షణం కూడా తెగలేదు. బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యే తీరును నిర్ణయించే అమరికల్లో) 'కరెంటు వస్తే మొదలవ్వు' అని పెట్టినా, సర్వర్ దృష్టిలో కరెంటు పోనే లేదు! నేను పొరుగూరిలో ఉండగా ఇలాగే మూడు రోజులు పడి ఉంది. అందుకే ఆగిపోయే చివరి ఘట్టంలో 'సరఫరా తెంచు, కరెంటు ఉంటే మళ్లీ ఇవ్వు' అని నట్ చేత యూపీఎస్‌కు ఆదేశం ఇప్పించాలి. తెంచడానికి ముందు వ్యవధి యూఎస్‌బీ హెచ్‌ఐడీ డ్రైవర్‌లో మామూలుగా 20 సెకన్లు. ఈ ఆదేశాన్ని సరిగ్గా పాటించని మోడళ్లూ ఉన్నాయి, మీదేదో పరీక్షిస్తేనే తెలుస్తుంది.

పరీక్షకు ప్లగ్ లాగకండి, ఎర్తింగ్ కూడా పోతుంది. గోడ మీది స్విచ్ ఆపండి. సర్వర్ ఆగగానే, యూపీఎస్ సరఫరా తెంచకముందే స్విచ్ మళ్లీ వేయండి. దానంతట అది లేస్తుందో లేదో అక్కడే కూర్చుని చూడండి. నాది నాలుగో ప్రయత్నంలో లేచింది.