కొయ్య తోటకూర విత్తనం ఎవరి దగ్గరుంది?

తోటకూరంటే ఒక్క కూర కాదు. కాడలు పులుసుకు పనికొచ్చే కొయ్య తోటకూర వేరు, కోసినకొద్దీ చిగురేసే పెరుగు తోటకూర వేరు, పప్పు రంగునే మార్చేసే ఎర్ర తోటకూర వేరు. వాటిలోనూ ఊరికో తీరు. 550 మిల్లీమీటర్ల సగటు వానకూ గ్యారంటీ లేని అనంతపురంలో ఒక నాటు రకం ఇన్నాళ్లు నిలిచిందంటే అందులో ఏదో సత్తా ఉన్నట్టే. అదేమిటో తేల్చాలంటే ముందు విత్తనం మిగలాలి.

దాన్ని ఇంతకాలం కాపాడింది ఎక్కువగా ఆడవాళ్లే. ఏపుగా పెరిగిన నాలుగు మొక్కల్ని కోయకుండా వదిలి, కంకి ఎండాక నలిపి, చేటలో చెరిగి, ఆవగింజ కన్నా చిన్నవైన ఆ నల్లటి గింజల్ని గుడ్డలో మూటగట్టి దాచేవారు. చల్లేటప్పుడు సన్న ఇసుక కలపాలి, లేకుంటే ఒకేచోట ఒత్తుగా పడతాయి. షాపులో ప్యాకెట్ దొరుకుతుంటే ఇంత తిప్పలు ఎవరు పడతారు? వాళ్లను తప్పు పట్టలేం. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క సుగుణ లాంటి తోటకూరలు మంచి రకాలే. అయితే రేపు ఇంకో మంచి రకం తేవాలన్నా శాస్త్రవేత్తకు ముడిసరుకు ఈ నాటు గింజే.

ఒకే రకాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో ఈ జిల్లాకు ఒకరు చెప్పక్కర్లేదు. 2000లో వేరుశనగకు కాండం కుళ్ళు వైరస్ సోకి 2 లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతింది, నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. వయ్యారిభామ పుప్పొడి, తామర పురుగులు వైరస్‌ను మోసిన మాట నిజమే. కానీ చేలల్లో ఎక్కువగా ఉన్నది 1940 నాటి టీఎంవీ-2 అనే వేరుశనగ రకం, దానికి ఆ వైరస్‌ను తట్టుకునే శక్తి లేదు. తోటకూరకూ తెల్ల తుప్పు తెగులుంది. ఆకు అడుగున తెల్లటి పొక్కులు లేచిన కట్టను ఎవరూ కొనరు. దాన్ని తట్టుకోవడంలో రకానికీ రకానికీ తేడా ఉంటుంది.

విత్తనం దాచుకునే, పంచుకునే హక్కును 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం రైతుకు ఇచ్చింది. కాగితం మీది హక్కుతో గింజ మొలవదు కదా. రైతు సేవా కేంద్రాల సిబ్బంది, డ్వాక్రా సంఘాలు కలిసి ఈ ఏడే ఇళ్లలో ఉన్న గింజను సేకరించాలి. ఊరి పేరు, ఇచ్చిన మహిళ పేరు రాసిపెట్టాలి. కొంత హైదరాబాద్‌లోని జాతీయ మొక్కల జన్యు వనరుల బ్యూరో కేంద్రానికి పంపి, మిగతాది రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో పక్కపక్క మళ్లలో వేసి చూడాలి. గాలికి పుప్పొడి కలిసిపోతుంది కాబట్టి విత్తనానికి వదిలే కంకులకు కవర్లు కట్టడం మరవొద్దు. పెద్ద బడ్జెట్ అడిగే పని కాదిది, కలెక్టర్ ఒక్క సర్క్యులర్ ఇస్తే మొదలవుతుంది.