చావని కంప్యూటర్లపై చర్యలు తీసుకోవాలి

తిరుపతి నగరంలో ఒక వర్గం ప్రజలు దేశ ఆర్థిక వ్యవస్థకు పట్టపగలే, ఏ జంకూ లేకుండా హాని చేస్తున్నారు. వీరి మీద ఇంతవరకు ఒక్క కేసు కూడా నమోదు కాలేదు. వీరు దొంగలు కారు, పన్ను ఎగవేసేవారు కారు. పాడు కాని కంప్యూటర్లు వాడుతున్నవారు. ఉన్నది పని చేస్తుండగా కొత్తది కొనకూడదన్న ప్రమాదకరమైన సిద్ధాంతాన్ని తాము ఆచరించడమే కాక, పిల్లలకూ నూరిపోస్తున్నారు. కంప్యూటర్లు విప్పడం, బిగించడం నాకు చిరకాలపు వ్యసనం. అందువల్ల ఈ ముప్పు ఎంత లోతుగా వేళ్ళూనుకుందో దగ్గర నుంచి చూడగలిగాను. చూసి ఊరుకోవడం నేరంలో పాలుపంచుకోవడమే కనుక బయటపెడుతున్నాను.

మచ్చుకు ఒక నేరస్థలం. గాంధీ రోడ్డు పక్క సందులో శుభలేఖలు వేసే ఒక డీటీపీ సెంటర్. అక్కడి కంప్యూటర్ డబ్బా ఒకప్పుడు తెల్లగా ఉండేదట, ఇప్పుడు పసుపు పచ్చగా మారింది. ఏటా ఆయుధపూజకు పెట్టిన గంధం, కుంకుమ బొట్లు దాని నుదుట పొరలు పొరలుగా పేరుకున్నాయి. పక్క మూత ఎప్పుడో తీసేశారు. ఆ ఖాళీలోకి ఒక టేబుల్ ఫ్యాను అదేపనిగా గాలి కొడుతూ ఉంటుంది. లోపల పెంటియం 4 అనే పాతకాలపు ప్రాసెసర్, దాని మీద విండోస్ ఎక్స్‌పీ. ఆ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న నీళ్ళు వదిలేసింది. అందులో పేజీలు పేర్చడానికి 2001 నాటి పేజ్‌మేకర్ 7, తెలుగు అక్షరాలకు "అను" అనే పేరుగల ఫాంట్లు. కీబోర్డు మీద అక్షరాలు అరిగి మాయమయ్యాయి. ఆపరేటర్ వేళ్ళకు దారి తెలుసు కాబట్టి, తలెత్తి పెళ్ళివారితో బేరమాడుతూనే "చి.ల.సౌ." కొట్టేస్తాడు. ఇంటర్నెట్ లేదు కనుక వైరస్ రాదు, అప్‌డేట్ రాదు, "మీ పరికరం పాతబడింది" అని హెచ్చరించే హితైషి ఎవరూ రారు.

"అన్నా, కొత్తది తీసుకోవచ్చు కదా?" అని సౌమ్యంగానే అడిగాను.

"దీనికేమైంది సార్?" అన్నాడు.

ఇంత విధ్వంసకరమైన మాట నేను ఈ మధ్యకాలంలో వినలేదు. ఊరికి వందమంది ఈ ప్రశ్న వేసుకుంటే చాలు, ఖండాంతరాల్లో కర్మాగారాలు మూతపడతాయి.

ఈ రోగం మన దగ్గర పుట్టింది కాదు. 1985లో ఐబీఎం సంస్థ మోడల్ ఎం అనే కీబోర్డును లోకం మీదికి వదిలింది. ప్రతి మీట కింద ఒక స్ప్రింగు ఉంటుంది. నొక్కగానే అది పక్కకు వంగి టక్కుమని చప్పుడు చేస్తుంది. అడుగున ఉక్కు రేకు. బరువు రెండు కిలోల పైమాటే. దొంగ వస్తే దానితో కొట్టవచ్చు, కొట్టిన తర్వాత ఫిర్యాదు కూడా దాని మీదే టైపు చేయవచ్చు. ఎనభైలలో, తొంభైలలో చేసినవి ఈనాటికీ పని చేస్తున్నాయి. ఔత్సాహికులు వాటిని వెతికి మరీ కొనుక్కుంటున్నారు. ఫలితం ఏమైంది? ఆ ఐబీఎం 2005లో పర్సనల్ కంప్యూటర్ల వ్యాపారాన్నే లెనోవోకు అప్పగించి బయటపడింది. గట్టి వస్తువు చేసినవాడి గతి ఇంతేనని నేను అనను. చదువరులు అనుకుంటే అడ్డు చెప్పను.

దీనికి భిన్నంగా, 1924లో జెనీవాలో కూడిన పెద్దమనుషుల దూరదృష్టి చూడండి. ప్రపంచంలోని ప్రధాన బల్బుల కంపెనీలు ఫీబస్ అనే కూటమి కట్టి, ఇంట్లో వాడే బల్బు వెయ్యి గంటలకు మించి వెలగరాదని నిర్ణయించాయి. ఎవరి బల్బు అయినా అంతకు మించి వెలిగితే ఆ కంపెనీకి జరిమానా. ఇంత క్రమశిక్షణ మన మునిసిపాలిటీలలో కూడా లేదు. ఆ కూటమి పుట్టకముందే జారుకున్న ఒక బల్బు అమెరికాలోని లివర్‌మోర్ అగ్నిమాపక కేంద్రంలో 1901 నుంచి మినుకు మినుకుమంటూనే ఉంది. అగ్నిమాపక సిబ్బంది దాన్ని ఆర్పకుండా కాపాడుతున్నారంటే, వ్యవస్థ ఎక్కడ గాడి తప్పిందో తెలుస్తోంది.

ఇక శాస్త్రానికి వద్దాం. కంప్యూటర్ లోపల, ముఖ్యంగా కరెంటు సరఫరా చేసే పెట్టెలో, చిన్న చిన్న పీపాల వంటి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఉంటాయి. వాటిలోని ద్రవం కాలక్రమంలో ఆవిరైపోతుంది. ఆవిరైతే కెపాసిటర్ పోతుంది, దానితో యంత్రమూ పోతుంది. మామూలు రకానికి 105 డిగ్రీల వేడిలో 2000 గంటల ఆయుష్షని లెక్క కడతారు. వేడి పది డిగ్రీలు తగ్గినప్పుడల్లా ఆయుష్షు సుమారు రెట్టింపు అవుతుంది. అంటే 65 డిగ్రీల వద్ద 32,000 గంటలు, నిర్విరామంగా నడిపితే మూడున్నర ఏళ్ళ పైచిలుకు. అదే 55 డిగ్రీలకు దిగితే 64,000 గంటలు, ఏడేళ్ళు దాటిపోతుంది. పది డిగ్రీల తేడాకు కంపెనీలకు ఒక పూర్తి అమ్మకం నష్టం! మే నెలలో 40 డిగ్రీలు దాటే మన ఎండ ఈ విషయంలో కంపెనీలకు పైసా తీసుకోకుండా సేవ చేస్తోంది. అలాంటప్పుడు ఆ డీటీపీ సెంటర్ యజమాని కాస్త కరెంటు ఖర్చుతో టేబుల్ ఫ్యాను పెట్టడాన్ని ఏమనాలి? సూర్యభగవానుడి విధులకు ఆటంకం కలిగించడం కాదా?

2000 తర్వాత కొన్నేళ్ళపాటు స్వర్ణయుగం నడిచింది. సరైన పాళ్ళు లేని ద్రవంతో చేసిన కెపాసిటర్లు ఎన్నో కంపెనీల మదర్‌బోర్డుల మీద చేరి, రెండు మూడేళ్ళకే నెత్తి ఉబ్బి పగిలిపోయాయి. పని సజావుగా సాగుతుండగా మరమ్మతులవాళ్ళు అడ్డుతగిలారు. ఉబ్బిన ఆ పీపాను సోల్డరింగ్ ఐరన్‌తో ఊడబీకి, పది ఇరవై రూపాయల కొత్తది అతికించి, యంత్రాన్ని మళ్ళీ లేపి కూర్చోబెట్టారు. వీళ్ళలో చాలామందికి డిగ్రీలు కూడా లేవు. కంటికి భూతద్దం, చేతిలో పట్టకారు, పక్కన చల్లారిన టీ. ఇంతటి సాదాసీదా సరంజామాతో బహుళజాతి సంస్థల ప్రణాళికలను తలకిందులు చేస్తున్నారు.

అదృష్టవశాత్తు ఇంజనీర్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ల్యాప్‌టాప్‌లో ర్యామ్‌ను బోర్డుకే సోల్డర్ చేసేశారు. ఎనిమిది జీబీతో కొన్నవాడు ఎనిమిది జీబీతోనే పోవాలి. బ్యాటరీని జిగురుతో అతికించారు. 2009లో ఆపిల్ సంస్థ అయిదు రేకుల తల ఉన్న కొత్త రకం మర మేకులు ప్రవేశపెట్టింది. ఇంట్లోని స్క్రూడ్రైవర్ దానికి పట్టదు. కొనుగోలుదారుడు తన సొంత వస్తువులోకి తాను చొరబడకుండా ఇంత సున్నితంగా ఎవరు అడ్డుకోగలరు? ఇప్పుడు ఆ అయిదు రేకుల స్క్రూడ్రైవర్ కూడా సెల్‌ఫోన్ దుకాణాల్లో కారుచౌకగా దొరుకుతోంది. కలికాలం.

హార్డ్‌డిస్కు కంపెనీల చాతుర్యానికి మాత్రం నేను ప్రత్యేకంగా చేతులు జోడిస్తాను. డిస్కు వివరాల పత్రంలో "వైఫల్యాల మధ్య సగటు వ్యవధి 10 లక్షల గంటలు" అని ఉంటుంది. లెక్క వేస్తే 114 ఏళ్ళు. వారంటీ రెండేళ్ళు. 114 ఏళ్ళు బతుకుతుందని చెప్పినవాడే మూడో ఏట నాకు సంబంధం లేదంటాడేమిటని అమాయకులు అడుగుతారు. అందులో అబద్ధం లేదు. వెయ్యి కొత్త డిస్కులను వెయ్యి గంటలు తిప్పితే ఒక్కటే పోయిందనుకోండి, వెయ్యిని వెయ్యితో గుణిస్తే పది లక్షలు. వెయ్యిమంది ఇరవై ఏళ్ళ కుర్రవాళ్ళను ఏడాదిపాటు గమనించి, ఒక్కడే పోయాడు కాబట్టి మనిషి ఆయుష్షు వెయ్యేళ్ళని తేల్చడం ఎంత నిజమో, ఇదీ అంతే నిజం. మనం ఆ అంకె చూసి, పిల్లల చిన్ననాటి ఫోటోలన్నీ ఒకే డిస్కులో దాచి, రెండో ప్రతి లేకుండా బీరువాలో పెట్టి తాళం వేస్తున్నాం. ఈ నమ్మకమే లేకపోతే డేటా తిరిగి తీసిచ్చే దుకాణాలు ఏమైపోవాలి?

పెళ్ళి వీడియోల చరిత్రను ఎవరైనా పరిశోధనకు తీసుకోవాలి. తొంభైలలో పెళ్ళిళ్ళయినవారి దగ్గర వీహెచ్ఎస్ క్యాసెట్లు ఉన్నాయి. వాటికి బూజు పట్టింది, ఆడించే యంత్రం లేదు. తర్వాతివారికి స్టూడియోవాళ్ళు డీవీడీలు ఇచ్చారు. కొత్త ల్యాప్‌టాప్‌లలో వాటిని పెట్టే సొరుగే లేదు. ఇప్పటివారికి పట్టు గుడ్డ చుట్టిన పెట్టెలో పెన్‌డ్రైవ్ ఇస్తున్నారు. పెట్టె దానికంటే ఎక్కువ కాలం ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో ఉండే ఫ్లాష్ మెమరీలో సమాచారం అంటే అతి చిన్న గదుల్లో బంధించిన విద్యుదావేశమే. ఒక్కో గదిలో ఒక్కో బిట్ పెట్టిన పాత పద్ధతిలో సుమారు లక్షసార్లు చెరిపి రాయవచ్చు. నాలుగేసి బిట్లు కుక్కే ఇప్పటి చవక రకంలో ఆ సంఖ్య సుమారు వెయ్యికి దిగింది. పైగా కరెంటు తగలకుండా ఏళ్ళ తరబడి మూల పడేస్తే ఆ ఆవేశం మెల్లగా కారిపోతుంది. మొదటి పెళ్ళిరోజు నుంచే జ్ఞాపకాలను వదిలించుకోవడం మొదలుపెట్టాలన్న ఆధ్యాత్మిక సందేశం ఇందులో ఉందని నా అభిప్రాయం.

ఈ సందేశానికి పెద్ద విఘాతం ఎక్కడుందో చెప్పక తప్పదు. కొండమీదే ఉంది. తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనలను వారి కుటుంబం రాగిరేకుల మీద చెక్కించి, తిరుమల ఆలయంలో సంకీర్తన భాండారం అనే రాతి గదిలో భద్రపరిచింది. అన్నమయ్య కాలం 1408 నుంచి 1503. ఆ రేకులు శతాబ్దాలపాటు ఆ గదిలో పడి ఉండి, ఇరవయ్యో శతాబ్దంలో వెలుగు చూశాయి. తీసి చూస్తే అక్షరాలు అక్షరాలుగానే ఉన్నాయి. పాస్‌వర్డ్ అడగలేదు. చార్జరు అడగలేదు. "ఈ ఫైలును తెరవడానికి కొత్త వెర్షన్ కొనండి" అనలేదు. వేలకొద్దీ సంకీర్తనలు అలా బయటికి వచ్చాయి. భక్తి సంగతి పెద్దలు చూసుకుంటారు. వినియోగదారుల సంస్కృతి దృష్ట్యా మాత్రం ఇది చాలా చెడ్డ ఉదాహరణ. అయిదు వందల ఏళ్ళలో ఆ కుటుంబం ఒక్కసారి కూడా అప్‌గ్రేడ్ చేయలేదు. ఇలాంటిది ఊరి నెత్తిన పెట్టుకుని, మూడేళ్ళకోసారి ఫోను మార్చమని యువతకు ఏ ముఖంతో చెబుతాం?

విదేశీ ప్రభుత్వాలు కూడా మన్నికవాదుల పక్షం వహించడం విచారకరం. 2017 డిసెంబరులో ఆపిల్ సంస్థ, బ్యాటరీ పాతబడిన ఐఫోన్లను తామే నెమ్మదింపజేస్తున్నామని నిజాయితీగా ఒప్పుకుంది. ఉన్నట్టుండి ఆగిపోకుండా ఉండడానికేనని కారణం కూడా చెప్పింది. మెచ్చుకోవలసింది పోయి ఫ్రాన్స్ 2020లో 2.5 కోట్ల యూరోల జరిమానా విధించింది. అదే దేశం 2021లో ఫోన్లు, ల్యాప్‌టాప్‌లను ఎంత సులువుగా బాగుచేయవచ్చో పదికి ఇన్ని మార్కులని వేసి, ధర పక్కనే చూపించాలని నిబంధన పెట్టింది. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పేరిట ఒక పోర్టల్ తెరిచింది. గాలి ఎటు వీస్తోందో గమనించాలి.

ఈ చీకటిలో ఒక్క వెలుగు విండోస్ 10. 2025 అక్టోబరు 14న దానికి సాధారణ మద్దతు ఆగిపోయింది. విండోస్ 11కు మారాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరో ఆ తర్వాతిదో ఉండాలి. దాంతో డిస్కు తిరుగుతూ, ఫ్యాను తిరుగుతూ, తెర వెలుగుతూ ఉన్న యంత్రాలకు కూడా మరణ ధ్రువపత్రం ఇచ్చే వీలు కలిగింది. కెపాసిటర్ ఉబ్బే దాకా ఆగవలసిన పాత పద్ధతితో పోలిస్తే ఇది ఎంతో నాగరికం. కొందరు మూర్ఖులు మాత్రం ఆ కంప్యూటర్లలో విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం వేసుకుని, అవి హాయిగా నడుస్తున్నాయని ప్రచారం చేస్తున్నారు. వారి సంగతి తర్వాత చూద్దాం.

స్థానిక ప్రయోజనాలు కూడా ఆలోచించాలి. మన జిల్లాలోని శ్రీసిటీ పారిశ్రామికవాడలో ఫాక్స్‌కాన్ కర్మాగారంలో 2015లోనే షావోమీ ఫోన్ల తయారీ మొదలైంది. 2022లో తిరుపతి ఎలక్ట్రానిక్స్ క్లస్టర్‌లో లిథియం సెల్ కర్మాగారం ప్రయోగాత్మక ఉత్పత్తి ప్రారంభించింది. లిథియం బ్యాటరీ సహజంగా సత్‌స్వభావం కలది. పూర్తిగా నింపి, ఎండలో స్కూటర్ డిక్కీలో పెట్టి అలిపిరి దాకా తిప్పితే దానంతట అదే క్షీణిస్తుంది. కానీ కొందరు ఇరవై నుంచి ఎనభై శాతం మధ్యే ఉంచుతూ, నీడలో పెట్టి, దాని ఆయుష్షును దొంగతనంగా పెంచుతున్నారు. మన జిల్లా పిల్లలు చెమటోడ్చి చేసిన వస్తువును మన జిల్లావాళ్ళే పదేళ్ళు వాడుకుంటే ఆ పిల్లలు రేపు ఏ పని చేయాలి?

కాబట్టి అధికారులకు కొన్ని సూచనలు చేస్తున్నాను. అయిదేళ్ళు దాటిన కంప్యూటర్ మీద ఏటా మన్నిక పన్ను వేయాలి. బ్లోయర్‌తో దుమ్ము దులపడాన్ని లైసెన్సు లేని వైద్యంగా పరిగణించాలి. ప్రాసెసర్ వేడిని బయటికి పంపే థర్మల్ పేస్టు ఎండిపోతే తుడిచి కొత్తది రాసేవారి పేర్లు పోలీసు స్టేషన్‌లో నమోదు చేయాలి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనలు పాత సామానును సక్రమంగా అప్పగించమంటున్నాయి. అప్పగించడానికి ముందుగా అది పాడవ్వాలన్న ప్రాథమిక సత్యాన్ని వాటిలో చేర్చాలి.

ఈ వినతిపత్రాన్ని కలెక్టరుగారికి స్వయంగా అందజేయాలని ప్రింటర్ ఆన్ చేశాను. కాగితం ఉంది, నల్ల సిరా నిండుగా ఉంది. నీలం సిరా అయిపోయింది కనుక నల్ల అక్షరాలు ముద్రించడం కుదరదని అది చెబుతోంది.