పున్నమి ఘాట్‌లో చార్జింగ్ పాయింట్

ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌ని రేపు మూసేసినా నాకేం అభ్యంతరం లేదు. ఎందుకంటే మా విజయవాడ భవానీపురం వాకింగ్ బ్యాచ్‌లో ఒక రిటైర్డ్ మాష్టారు, మనిషి కంట్లోనే సోలార్ ప్లేటు ఉందని కనిపెట్టేశారు. రెటీనా అంటే అదేనట. పొద్దున్నే పావుగంట రెప్ప వేయకుండా సూర్యుణ్ణి చూస్తే ఫుల్ చార్జ్ అయిపోతుందట, ఇక కళ్లజోడు అటక మీద పడేయొచ్చట.

ఆ సీను మీరు చూసి తీరాలి. ఆరుంబావు అవుతుంది. ఘాట్ మెట్ల మీద ముప్ఫై మంది బ్యారేజీ వైపు తిరిగి, కళ్లు కోడిగుడ్లంత చేసుకుని నిలబడి ఉంటారు. ఎదురుగా మాష్టారు వాచీ చూసుకుంటూ "నలభై శాతం అయింది, రెప్ప వేయకండి, లీకైపోద్ది" అని అరుస్తుంటారు. మధ్యలో ఒకాయన తుమ్మాడు, పాపం. మళ్లీ సున్నా నుంచి మొదలెట్టించారు. ఇంకొకావిడ "మాష్టారూ, ఎడమ కన్ను బాగానే ఎక్కుతోందండీ, కుడిదే స్లోగా ఉంది" అంటే, ఈయన ఏమాత్రం తడుముకోకుండా "పిన్ను లూజేమో, కాస్త అటూ ఇటూ తిప్పి చూడమ్మా" అన్నారు. ఆవిడ నిజంగానే కన్ను తిప్పింది! అందరి బుగ్గల మీదా నీళ్లు ధార కట్టేశాయి, అది పాత చార్జింగు దిగిపోవడమట. మరి మబ్బు పట్టిన రోజు సంగతేంటని అడిగాను. "ఇన్వర్టర్ మీద నడుస్తుంది నాయనా" అన్నారు. నాకింక నోరు పెగల్లేదు.

అసలు సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. రెటీనా అంటే కంటి వెనక గోడకి అతుక్కుని ఉండే పల్చటి పొర. అందులో వెలుగుని పట్టే కణాలు చీకట్లోనే ఎక్కువ ఖర్చు పెడతాయి. వాటిలో రాడ్లు అనేవే ఒక్కో కంట్లో సుమారు 12 కోట్లుంటాయి. చీకటిగా ఉన్నంతసేపూ వాటి తలుపులు బార్లా తెరిచి ఉంటాయి, సోడియం లోపలికి వస్తూనే ఉంటుంది, దాన్ని బయటికి తోడే పంపు ఆగకుండా తిరగాల్సిందే. 2024 సెప్టెంబరులో బుడమేరు మీదపడినప్పుడు సింగ్‌నగర్‌లో సెల్లార్లు తోడుకున్నవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. నీళ్లు వస్తున్నంతసేపూ మోటారు ఆపడానికి లేదు, డీజిల్ ఎంతయిందని అడగడానికీ లేదు. వెలుగు పడగానే ఆ తలుపులు మూసుకుంటాయి, మోటారుకి కాస్త తెరిపి దొరుకుతుంది. అంటే సూర్యుడు ఇక్కడ చార్జర్ కాదు మాష్టారూ, మోటారు తగ్గించే వాచ్‌మన్!

డీజిల్ వచ్చేది రక్తంలోంచి. గ్లూకోజు, ఆక్సిజన్, అంతే. అందులోనూ ఈ కణాలు మహా దుబారా మనుషులు. ఆక్సిజన్ పక్కనే ఉన్నా గ్లూకోజులో ఎక్కువ భాగాన్ని పూర్తిగా కాల్చకుండా లాక్టేట్ అనే సగం కాలిన సరుకుగా చేసి పారేస్తాయి. క్యాన్సర్ కణితుల్లో చూసిన ఈ అలవాటునే 1920ల్లో ఓటో వార్‌బర్గ్ అనే జర్మన్ శాస్త్రవేత్త రెటీనాలోనూ చూశాడు. ఒక్కో గ్లూకోజుని శుభ్రంగా కాలిస్తే 30 దాకా ఏటీపీలు, అంటే కణం ఖర్చు పెట్టుకునే శక్తి నాణేలు, వచ్చే చోట, ఇలా చేస్తే 2 వస్తాయి. కానీ వీటికి రోజూ ఇంటి పని కూడా ఉంటుంది, కొసన ఉన్న పొరల్లో దాదాపు పదో వంతు ప్రతిరోజూ రాల్చేసి కొత్తవి కట్టుకోవాలి, గ్లూకోజంతా కాల్చేస్తే దానికి సరుకు మిగలదు కదా.

ఆ పారేసిన లాక్టేట్ కూడా వృథా పోదు. వెనకాల పిగ్మెంట్ ఎపిథీలియం అని ఒక పొర ఉంటుంది. గుంటూరు అరండల్‌పేటలో నేను చదువుకునేటప్పుడు మా మెస్ బాబాయిగారు మాకు వేడివేడిగా వడ్డించి, తను మాత్రం చివర్లో గిన్నె అడుగున మిగిలింది తినేవాడు. ఆ పొరా అంతే. రక్తంలో వచ్చిన గ్లూకోజుని తను పెద్దగా ముట్టకుండా ముందుకి దాటించి, వాళ్లు పారేసిన లాక్టేట్‌తో బతుకుతుంది. రాలిన పొరల్ని కూడా మింగి అరిగించుకుని, అందులోంచి కొంత ఇంధనం తయారుచేసి మళ్లీ వాళ్లకే పంపుతుంది. ఇంత సంసారం నడుస్తుంటే సోలార్ ప్లేటట!

నవ్వింది చాలు. ఈ మాష్టారి రెండో సలహా ఏంటో తెలుసా? కన్ను ఎండతో నడుస్తుంది కాబట్టి షుగర్ మాత్రలకీ కంటికీ సంబంధం లేదట. మా మేనత్త అది నమ్మింది. ఏడు నెలలు మాత్రలు మానేసి రోజూ మెట్ల మీద నిలబడింది. రక్తంలో చక్కెర దండిగానే ఉంది, కానీ దాన్ని మోసుకొచ్చే సన్నటి నాళాలు కారాయి, పూడిపోయాయి. ఆక్సిజన్ అందక రెటీనా గోల పెడితే కొత్త నాళాలు పుట్టుకొచ్చాయి, అవేమో పెళుసు, చిట్లాయి. ఒకరోజు పొద్దున్నే "ఒరేయ్, కంట్లో బూజులేంట్రా, ఎంత తుడిచినా పోవట్లేదు" అంది. ఏడాదికోసారి చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకున్నారా అని డాక్టరుగారు అడిగితే నేను నేల చూశాను. అదే ఘాట్ సీనుని ఇంట్లో మిమిక్రీ చేసి అందర్నీ నవ్వించిన మొనగాణ్ణి నేనే. అత్తా, నువ్వు మాత్రలు వేసుకుంటున్నావా అని ఒక్కరోజు అడగలేదు.

నాకేం కాలేదే అంటారు ఆ ముప్ఫై మందీ. అవును మరి, రెటీనాకి నొప్పి తెలియదు, ఎండకి దెబ్బతింటున్నా అది అరవదు. ఎదుటి మనిషి మొహం మధ్యలో నల్లటి మచ్చ కనపడినప్పుడు తెలుస్తుంది, అప్పుడు పిన్ను తిప్పుకుందురుగాని.

మొన్న మళ్లీ అటు వెళ్లాను. బ్యాచ్ నలభైకి చేరింది. మాష్టారికి పోయిన నెల శుక్లం ఆపరేషన్ అయిందట, ఆసుపత్రిలోనే, పెన్షనర్ల హెల్త్ కార్డు మీద. నల్ల కళ్లజోడు పెట్టుకుని, సూర్యుడికి వీపు చూపించి, టోపీ కిందికి లాక్కుని లెక్కపెడుతున్నారు: "అరవై శాతం... రెప్ప వేయకండి..."