సవరణ: సౌదీ కఫాలా పోస్టు గురించి

"సౌదీలో కఫాలా తీసేశారు, ఇక కఫీల్‌తో పనిలేకుండా ఎవరైనా ఉద్యోగం మారచ్చు" అని మొన్న పెట్టాను. (కఫాలా అంటే బయటి దేశం నుంచి వచ్చిన పనివాళ్ళు అక్కడి యజమాని పూచీ మీదే ఉండే పద్ధతి, ఆ యజమానే కఫీల్.) అది తప్పు. 2021 మార్చి 14న అమల్లోకి వచ్చిన సంస్కరణతో ప్రైవేటు కంపెనీల్లో ఏడాది పూర్తి చేసినవాళ్ళు యజమాని అనుమతి లేకుండా మారచ్చు గానీ, ఇంటిపనివాళ్ళు, ఇంటి డ్రైవర్లు, గొర్రెల కాపర్లు, తోటపనివాళ్ళు అందులో లేరు, వాళ్ళ నిబంధనలు వేరు. మన కడప, రాయచోటి వైపు నుంచి చాలామంది పోయేది ఈ పనులకే కదా! అక్కడి కార్మిక శాఖ ప్రకటనలోనే ఇది ఉంది, నేను సగమే చదివా.

కువైట్‌కు ఇది అసలు వర్తించదు. అక్కడ 2025 జూలై 1 నుంచి 18 నంబరు వీసావాళ్ళు (ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవాళ్ళు) ఊరికి రావాలన్నా యజమాని ఒప్పుకున్న ఎగ్జిట్ పర్మిట్ (దేశం దాటే అనుమతి) ఉండాల్సిందే.